సికింద్రాబాదు లోకసభా నియోజకవర్గము: ఓటరు ధర్మము
(మన సంఘ వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



ఈ మహాసభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మమ్ము కోరినప్పుడు, మేము ఏ పురాణ ప్రసంగమునో విద్యావిషయమునో యెత్తుకొందుమని వారు తలంచియుందురు. చిరకాలము బాలురకు శబ్దములును ధాతువులును వల్లె వేయించి విశ్రాంతి గొన్న యుపాధ్యాయులము గాన అట్లు తలంచుట సహజమే. కాని మేము నేడు ఎన్నికలను గూర్చి మాటలాడ నిశ్చయించితిమి. దానికి కారణ మొక్కటే. మన సభలలో ఏటేట ఒక మాట వినవచ్చుచున్నది. "మనవారు ఈ నియోజకవర్గమున ఇన్ని వేలమంది కలరు, మన ఓట్ల నన్నిటిని ఒక్క మూటగా గట్టి, ఎవరి కిత్తుమో సంఘము ముందుగ ప్రకటించినచో, పార్టీలు మన గుమ్మము నొద్దకే నడచి వచ్చును" అని. చెప్పువారు సంఘము మేలు కోరియే చెప్పుచున్నారు. ఐనను ఆ మాట ఎంతవరకు నిలుచునో పరీక్షింపవలసి యున్నది. ఊహలతో పరీక్షించుటకంటె మన నియోజకవర్గ చరిత్రతో పరీక్షించుట మేలు.

మొదట స్థలమును గూర్చి కొంచెము చెప్పుదుము. అమీరుపేటయు పంజగుట్టయు నేడు హైదరాబాదు నగరమునకు నడిబొడ్డున నున్నవి. ఆషాఢమాసమున బల్కంపేట ఎల్లమ్మతల్లి కల్యాణమునకు వచ్చు భక్తులను, పంజగుట్టలోని నిమ్సు ఆసుపత్రికి జిల్లాలనుండి వచ్చు రోగులను, మైత్రీవనము చుట్టుప్రక్కల కంప్యూటరు విద్య నేర్వ వచ్చు యువకులను మన మెల్లర మెఱుగుదుము. 2017 నవంబరులో మెట్రోరైలు నడచుట కారంభించిన నాటినుండి రెండు మార్గములు కలియు కూడలియు అమీరుపేటయే. ప్రక్కనున్న సనత్‌నగరు పేరులోని 'సనత్' శబ్దము మన సనాతన శబ్దమునకు చుట్టము కాదు. ఉర్దూలో పరిశ్రమ యని దాని కర్థము. 1942లో స్థాపితమైన ఆల్విను కర్మాగారము మొదలగువానివలన ఆ పేరు సార్థకమైనది. అమీరుపేట సనత్‌నగరు శాసనసభా నియోజకవర్గమునను, పంజగుట్ట ఖైరతాబాదు శాసనసభా నియోజకవర్గమునను చేరియున్నవి. ఈ రెండును, ముషీరాబాదు, అంబరుపేట, జూబ్లీహిల్సు, నాంపల్లి, సికింద్రాబాదు అను మఱి యైదును కలిసి యేడు భాగములై సికింద్రాబాదు లోకసభా నియోజకవర్గ మగుచున్నది.

ఓటు మన పెద్దలకు పుట్టుకతో వచ్చిన సొత్తు కాదు. నిజాము ప్రభువుల కాలమున 1893లోనే శాసననిర్మాణ సభ యొకటి యేర్పడినను, సామాన్య ప్రజల ఓటుతో అందు కూర్చున్నవా రెవ్వరును లేరు. 1939లో ప్రకటింపబడిన రాజ్యాంగ సంస్కరణలు ప్రజలను భూస్వాములు, వర్తకులు, న్యాయవాదులు, వైద్యులు, పట్టభద్రులు అని వృత్తి ప్రయోజనములను బట్టి విభజించి, ఒక్కొక్క వర్గమునకు ఇన్ని స్థానములని పంచిపెట్టినవి. అనగా మనుష్యుడు ఏ గుంపులోనివాడో తెలిసినగాని అతనికి ఓటు లేదు. గుంపు లేని కూలివానికిని, గుంపులలో లెక్కకు రాని స్త్రీకిని ఆ సభ దూరమే. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున చేరినది. 1950 జనవరి 26వ తేదీన రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. ఆ రాజ్యాంగములోని 326వ అధికరణము వయోజనుల కందఱకు ఓటు నిచ్చినది. దానికి ముందున్న 325వ అధికరణమును మన కులసంఘములవారు ప్రత్యేకముగ చదువవలెను. ఒక్కొక్క నియోజకవర్గమునకు ఒక్కటే సామాన్య ఓటర్ల జాబితా యుండవలెననియు, మతము, జాతి, కులము, లింగభేదము అను కారణములచేత ఎవ్వరిని దానినుండి తొలగింపరాదనియు, ఆ కారణములతోడనే తమకొక ప్రత్యేక జాబితా కావలెనని యెవ్వరును కోరరాదనియు అది శాసించుచున్నది. మీ యింటికి వచ్చిన ఓటర్ల జాబితాను విప్పి చూడుడు. పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటి సంఖ్య, వయస్సు, లింగము ఉండును. కులమునకు గడి లేదు. షెడ్యూల్డు కులములకును తెగలకును కేటాయించిన స్థానములలో సైతము ఓటు వేయువారు సర్వజనులే.

ఇక మన నియోజకవర్గ చరిత్రకు వత్తము. 1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో హైదరాబాదు నగర నియోజకవర్గమునుండి లోకసభకు వెళ్లినవారు కాంగ్రెసు పక్షీయులైన అహ్మదు మొహియుద్దీనుగారు. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ మేర్పడిన పిమ్మట, 1957 ఎన్నికలనాటికి సికింద్రాబాదు పేర లోకసభా స్థానము వెలసెను. వారే అందు 1957లోను, 1962లోను గెల్చిరి. 1967లో అదివఱకు వరంగల్లు సభ్యులుగా నున్న బాకరలీ మీర్జాగారు కాంగ్రెసు పక్షమున నెగ్గిరి. 1969లో తెలంగాణా ఉద్యమము చెలరేగినది. విద్యార్థులు బడులు విడిచి వీథుల కెక్కిరి. ఎందఱో ప్రాణములు గోల్పోయిరి. దాని ఫలము 1971 ఎన్నికలలో కానవచ్చెను. డాక్టరు మఱ్ఱి చెన్నారెడ్డిగారి నాయకత్వమున నున్న తెలంగాణా ప్రజాసమితి ఈ ప్రాంతమునందలి 14 స్థానములలో పదింటిని గెలుచుకొన్నది, అందు సికింద్రాబాదొకటి. గెల్చినవారు ఎం. ఎం. హషీముగారు. ఆ యేటనే సమితి కాంగ్రెసులో కలిసిపోవగా, 1977లో హషీముగారే కాంగ్రెసు అభ్యర్థిగ మఱల నెగ్గిరి. దేశమంతట జనతా పక్షము వీచిన ఆ యెన్నికలో ఆంధ్రప్రదేశమునందలి 42 స్థానములలో 41 కాంగ్రెసునకే దక్కినవి.

1979లో జరిగిన ఉపఎన్నికలో పి. శివశంకరుగారు గెల్చిరి. హైకోర్టు న్యాయమూర్తి పదవిని విడిచి రాజకీయములలోనికి వచ్చిన వీరు 1980లో మఱల నెగ్గి, కేంద్రమున న్యాయశాఖామంత్రి యైరి. 1984లో తెలుగుదేశము పార్టీ ప్రభంజనము వీచి రాష్ట్రమున 30 లోకసభా స్థానములను గైకొన్నను, సికింద్రాబాదు కాంగ్రెసునకే నిలిచినది. నిలిపినవారు టి. అంజయ్యగారు. ఆల్విను కర్మాగారమున స్వల్ప దినకూలికి పనిచేసి, కార్మిక సంఘములు గట్టి, 1980 అక్టోబరునుండి 1982 ఫిబ్రవరి వఱకు ముఖ్యమంత్రిగ నుండినవా రాయన. మన ప్రక్కనున్న కార్ఖానాలో కూలివాడై యుండినవాడు మన ప్రతినిధియై, కేంద్రమున కార్మికశాఖామంత్రి యగుట ఈ నియోజకవర్గమునకు గర్వకారణము. 1986 అక్టోబరులో వారు పరమపదించిరి. 1987 ఉపఎన్నికలో వారి సతీమణి మణెమ్మగారు గెల్చి, 1989లో మఱల నెగ్గిరి. నేటివఱకు సికింద్రాబాదునుండి లోకసభకు వెళ్లిన స్త్రీ వా రొక్కరే. 1989లో మన సనత్‌నగరు శాసనసభా స్థానమునుండి చెన్నారెడ్డిగారు గెల్చి, రెండవ పర్యాయము ముఖ్యమంత్రి యైరి. పదునెనిమిదేండ్లు నిండినవారు మొదటిసారి ఓటు వేసిన సార్వత్రిక ఎన్నికయు అదియే. అంతకు ముందు 21 ఏండ్లు నిండవలసి యుండెను.

1991లో భారతీయ జనతా పార్టీ అభ్యర్థి బండారు దత్తాత్రేయగారు గెల్చిరి. ఆ యేట ఆంధ్రప్రదేశమున ఆ పార్టీకి దక్కిన లోకసభా స్థానము ఇదొక్కటియే. 1996లో కాంగ్రెసు పక్షమున పి. వి. రాజేశ్వరరావుగారు నెగ్గిరి; వీరు ప్రధానమంత్రి పి. వి. నరసింహారావుగారి కుమారులు. 1998లోను, 1999లోను దత్తాత్రేయగారు మఱల గెల్చి వాజపేయిగారి మంత్రివర్గమున సహాయమంత్రి యైరి. 2004లోను, 2009లోను కాంగ్రెసు అభ్యర్థి అంజనకుమారు యాదవుగారు నెగ్గిరి. 2014లో దత్తాత్రేయగారు 2,54,735 ఓట్ల ఆధిక్యముతో తిరిగి వచ్చి, అంజయ్యగారివలెనే కేంద్రమున కార్మికశాఖను నిర్వహించిరి. 2019లో జి. కిషనురెడ్డిగారు 62,114 ఓట్ల ఆధిక్యముతోను, 2024లో 49,944 ఓట్ల ఆధిక్యముతోను భారతీయ జనతా పార్టీ పక్షమున గెల్చిరి.

ఈ నడుమ నియోజకవర్గపు టెల్లలు సైతము మాఱినవి. 2008లో అమలులోనికి వచ్చిన పునర్విభజనలో హిమాయత్‌నగరు శాసనసభా స్థానము మాసిపోయి, అంబరుపేట, జూబ్లీహిల్సు మున్నగునవి క్రొత్తగ వెలసినవి. సికింద్రాబాదు కంటోన్మెంటు క్రొత్తదైన మల్కాజిగిరి లోకసభా స్థానములో చేరిపోయినది. ఇంగ్లీషు దండు విడిది చేసినందువలననే సికింద్రాబాదు పుట్టినది. నేడా దండు పేట ప్రక్క నియోజకవర్గమున నుండగా, దండుతో సంబంధము లేని అమీరుపేట, పంజగుట్టలు సికింద్రాబాదు పేరు మోయుచున్నవి! మన ఓట్లు ఇన్ని వేలని లెక్క గట్టువారు దీనిని గమనింపవలెను. ఎల్ల జరిగినప్పుడెల్ల ఆ లెక్క తారుమాఱగును.

ఇప్పుడు మొత్తము కూడి చూతము. 1957 మొదలు 2024 వఱకు 17 సార్వత్రిక ఎన్నికలును, రెండు ఉపఎన్నికలును, వెరసి 19 ఎన్నికలు జరిగినవి. గెల్చినవారు పదుగురు. కాంగ్రెసు 12 సార్లు, భారతీయ జనతా పార్టీ 6 సార్లు, ప్రజాసమితి ఒకసారి నెగ్గినవి. రాష్ట్రమును బహుకాలము పాలించిన తెలుగుదేశము పార్టీ గాని, 2014 మొదలు 2023 వఱకు తెలంగాణమును పాలించిన పార్టీ గాని తన గుర్తుపై ఈ స్థానము నెన్నడును గెలువలేదు. మొదటి ఇరువదిరెండేండ్లు ముగ్గురు ముస్లిములు వరుసగ ప్రతినిధులైరి. పిమ్మట న్యాయవేత్త, కార్మికనాయకుడు, ఆయన సతీమణి, పార్టీ కార్యకర్తలుగ జీవితమారంభించినవారు వచ్చిరి. వీరందఱును వేర్వేఱు కులములవారు, వేర్వేఱు మతములవారు. వీరిలో ఏ యొక్కరును తమ కులమువారి ఓట్లతోనే గెల్చిరని చెప్ప వీలులేదు. తెలుగు, ఉర్దూ, తమిళము, మరాఠీ, హిందీ మాటలాడువా రొకే వీథిలో కాపురముండు ఈ నియోజకవర్గమున అది సాధ్యమును కాదు.

ఇక మూట మాటకు వత్తము. పార్టీలు అభ్యర్థులను నిలుపునప్పుడు కులమును చూచుట నిజము, లేదనుట ఆత్మవంచన. ఐతే ఒక పార్టీ వేసిన లెక్కనే ఎదుటి పార్టీయు వేయును. 2019లో మన నియోజకవర్గమున తెలంగాణా రాష్ట్ర సమితి తలసాని సాయికిరణు యాదవుగారిని, కాంగ్రెసు అంజనకుమారు యాదవుగారిని నిలిపినవి. మొదటివారికి 3,22,666 ఓట్లును, రెండవవారికి 1,73,229 ఓట్లును వచ్చినవి. 3,84,780 ఓట్లతో గెల్చినవారు మఱియొకరు. ఒక సముదాయమునకు రెండు పార్టీలు పెద్దపీట వేసినప్పుడు ఆ సముదాయములోని ఓటరు దేనిని చూచి ఓటు వేయవలెను? కులము రెండు ప్రక్కలను సమానమే కదా! అప్పుడతడు పార్టీని, పనిని, మనిషిని చూడక తప్పదు. తుదకు చూడవలసినదానిని మొదటనే చూచినచో తప్పేమి?

చట్టము సైతము మన మాలోచింపదగినది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టములోని 123వ విభాగము, మూడవ ఉపవిభాగము ప్రకారము, మతము, జాతి, కులము, సముదాయము, భాష పేర ఓటు వేయుమని గాని వేయవలదని గాని అభ్యర్థి కోరినను, అతని సమ్మతితో ఇతరులు కోరినను అది అవినీతిచర్య యగును. గెలిచిన యెన్నిక రద్దు కావచ్చును. ఆ కులము అభ్యర్థిదే కానక్కఱలేదు, ఓటరుదైనను ఈ నిషేధము వర్తించునని 2017 జనవరి 2వ తేదీన సుప్రీముకోర్టున ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము నలుగురి ఆధిక్యముతో తీర్పు చెప్పినది. సంఘము తన కష్టములను చెప్పుకొనుటకు ఈ చట్టము అడ్డు రాదు. కాని అభ్యర్థితో ఒడంబడిక చేసికొని కులము పేర ఓట్లడిగినచో, మనము మేలు చేయదలచిన అభ్యర్థికే కీడు చేసినవార మగుదుము.

మేము సంస్కృతము చదువుకొన్నవారము గాన, ఈ విషయమున మీమాంసాశాస్త్రములోని యొక నిర్ణయమును మీకు విన్నవింతుము. నేడు సభ్యునకు వాడు 'ప్రతినిధి' శబ్దము యజ్ఞశాలలోనిది. యాగమునకు విహితమైన ద్రవ్యము దొరకనప్పుడు దానికి సరిపోలిన మఱియొక ద్రవ్యమును వాడవచ్చును, అదియే ప్రతినిధి. వ్రీహిధాన్యము దొరకనిచో నీవారధాన్యము. సోమలత దొరకనిచో పూతీకలత. ఐతే ప్రతినిధిని పెట్టగూడని చోట్లు కొన్ని కలవని శాస్త్రకారులు చర్చించి తేల్చిరి. వానిలో ముఖ్యమైనది యజమానుడు. ద్రవ్యమునకు బదులు ద్రవ్యము రావచ్చును గాని, ఫలమనుభవింపవలసిన యజమానునకు బదులు మఱియొకడు రారాదు. ఎవని సంకల్పమో వానిదే ఫలము.

ఎన్నికయను యాగమున లోకసభ సభ్యుడు ప్రతినిధి. ఇరువది లక్షలమంది ఢిల్లీకి పోజాలరు గనుక వారికి బదులు ఒక్కడు పోవును. యజమానుడు మాత్రము ఓటరు. అతనికి బదులు సంకల్పించుటకు కులపెద్ద గాని, సంఘాధ్యక్షుడు గాని, భర్తగాని, తండ్రిగాని అర్హులు కారు. సంఘము తన సభ్యులకు చదువు చెప్పింపవచ్చును, తెలియనిది తెలుపవచ్చును. సంకల్పము మాత్రము తాను చేయరాదు. మూటగట్టిన ఓటునందు యజమానుడు మాయమగుచున్నాడు. మూట మోయువా డొకడు మిగులుచున్నాడు. పార్టీలు గుమ్మము నొద్దకు వచ్చుట నిజమే. అది మూట మోయువాని గుమ్మము. తక్కినవారి గుమ్మములయెదుట వీథిదీపము వెలుగునో లేదో యడుగువా రుండరు.

ఇప్పుడు మనలను నిజముగ కలవరపెట్టవలసిన విషయమును చెప్పుదుము. 2019 ఏప్రిలు 11వ తేదీన తెలంగాణమంతట నూటికి 62కు పైగా ఓటు వేయగా, సికింద్రాబాదున నూటికి 47మంది యైనను వేయలేదు. 2024 మే 13వ తేదీన రాష్ట్రమంతట నూటికి 65 దాటగా, మన నియోజకవర్గమున సగము నిండుటయే దుర్లభమైనది. ఓటర్లు ఇరువది లక్షలకు మించియున్నారు. ఓటు వేయనివారు పది లక్షలకు పైబడి యున్నారు. గెలుపోటముల తేడా 49,944. అనగా ఇంట నున్నవారి సంఖ్య ఆ తేడాకు ఇరువది రెట్లు. శాసనసభ ఎన్నికలలో తేడాలు మఱింత స్వల్పము. 2018 డిసెంబరులో అంబరుపేటయందు కిషనురెడ్డిగారు 1,016 ఓట్లతో ఓడిరి. ఆఱు నెలలు తిరుగక మునుపే అంబరుపేటయు చేరియున్న లోకసభా స్థానమున గెల్చిరి. వేయి ఓట్లనగా రెండు పెద్ద అపార్టుమెంట్ల జనము. ఓట్ల మూటలు గట్ట దలచువారు, మన యిండ్లలో వేయక విడిచిన ఓట్లెన్నియో ముందు లెక్కింపవలదా?

ఇట్లేల జరుగుచున్నది? సోమరితన మొక్కటే కారణమనుట న్యాయము కాదు. అమీరుపేటలో బాడుగ కుండువారిలో పెక్కుమంది ఓటు స్వగ్రామముననే యున్నది. 2024 మే 13వ తేదీననే ఆంధ్రప్రదేశమునను పోలింగు జరిగినందున వేలాదిమంది అచ్చటికి ప్రయాణమైరి. ఇల్లు మాఱినవారి పేరు పాత వీథి జాబితాలోనే నిలిచిపోవును. గతించినవారి పేరు తొలగింపబడదు. పెండ్లియై వచ్చిన కోడలి పేరు చేర్పబడదు. వసతిగృహములలోని విద్యార్థులు తమకిక్కడ ఓటు రాదని తలంతురు. ఇవి యన్నియు ఎవరైనను పూనుకొన్నచో సరిచేయదగిన లోపములు. పూనుకొనుటకు ఇంటింటి పరిచయము గల సంఘముకంటె తగినవా రెవరు?

కులసంఘములు ఎందులకు పుట్టినవో స్మరింపుడు. హైదరాబాదున ఓటనునది లేని కాలమున ఇవి పుట్టినవి. 1906లో భాగ్యరెడ్డివర్మగారు జగన్మిత్రమండలిని స్థాపించి దళితులలో విద్యాసంస్కార ప్రచారము చేసిరి. 1918లో రాజబహదూరు వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి విద్యార్థి వసతిగృహము వెలసినది. సురవరము ప్రతాపరెడ్డిగారు దానికి కార్యదర్శిగ పనిచేసిరి. వారు పార్టీల గుమ్మములు చూచి సంఘములు పెట్టలేదు. పల్లెనుండి వచ్చిన పిల్లవానికి అన్నము, చాప, దీపము, పుస్తకము ఇచ్చుటకు పెట్టిరి. మన సంఘమును ఆ త్రోవనే నడచినది. ఇచ్చటి పోషకుల దాతృత్వమువలన చదువుకొన్నవారు నేడీ సభలో ఎందఱో కూర్చున్నారు.

కావున ఈ మహాసభకు నాలుగు పనులు విన్నవించుచున్నాము.

మొదటిది, జనవరి, ఏప్రిలు, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలు ఓటు నమోదునకు అర్హత తేదీలు. ఆ తేదీలకు ముందు పేటకు ఇద్దఱు చొప్పున యువకులు సంఘసభ్యుల యిండ్లకు పోయి, క్రొత్త ఓటునకు ఆఱవ ఫారమును, గతించినవారి పేరు తొలగించుటకు ఏడవ ఫారమును, ఇల్లు మాఱినందుకును తప్పుల దిద్దుబాటునకును ఎనిమిదవ ఫారమును నింపింపవలెను. ప్రక్కయింట నున్నది ఏ కులమువారైనను వారికిని నింపింపవలెను, జాబితా అందఱిది.

రెండవది, మన వసతిగృహముననున్న విద్యార్థులకు, పదునెనిమిదేండ్లు నిండినచో, స్వగ్రామమున గాని ఇచ్చట గాని ఒక్కచోట ఓటు నమోదు చేసికొను హక్కు గలదని తెలుపవలెను. రెండుచోట్ల నుండుట నేరమనియు తెలుపవలెను.

మూడవది, 2024 ఎన్నికలలో 85 ఏండ్లు దాటిన వృద్ధులకును, నూటికి 40 పాళ్లకు తక్కువ కాని అంగవైకల్యము గలవారికిని ఇంటినుండియే ఓటు వేయు సౌకర్యము కల్పింపబడినది. మన యిండ్లలోని పెద్దలకు అట్టి సౌకర్యములు గడువులోపల అందునట్లు చూడవలెను.

నాలుగవది, సంఘము ఎవ్వరి పక్షమును ప్రకటింపక, అభ్యర్థుల నందఱను ఒకే వేదికపైకి పిలిచి, అందఱను ఒకే ప్రశ్న లడుగవలెను. ప్రశ్నలు లోకసభ సభ్యుని పరిధిలోనివై యుండవలెను. సనత్‌నగరులోని కార్మిక బీమా ఆసుపత్రికి వైద్యులను, మందులను తెప్పించుటకేమి చేయుదురు? ఎం.ఎం.టీ.ఎస్. రైళ్లను గూర్చి రైల్వేశాఖను ఏమని యడుగుదురు? వాన కురిసినంతనే మైత్రీవనము కూడలి చెఱువగుచున్నదే, నాలాల పనులకు కేంద్రపు సాయము తేగలరా? నియోజకవర్గాభివృద్ధికి సభ్యుని పేర ఏటేట కేటాయించు ఐదుకోట్ల రూపాయలను ఎచ్చట వ్యయింతురు? వారి యుత్తరములను అచ్చువేసి యింటింట పంచవలెను. అటుపై సంకల్పము యజమానునిది.

ఇట్లు చేసినచో మన కులమునకు బలము తగ్గునని కొందఱు శంకింపవచ్చును. రాజ్యాంగము మొదట వ్రాయబడినప్పుడు ఏడున్నర లక్షల జనమునకు తక్కువ గాకుండ ఒక సభ్యుడుండవలెనని యుండెను. నేడు ఇరువది లక్షలకు మించిన ఓటర్లకు ఒక్క సభ్యుడు. ఇంత జనములో ఏ కులమైనను ఒంటిగ నిలిచినచో చిన్నదియే. ఈ పేటలో నూటికి నూరుగురు ఓటు వేయుదురు, ప్రశ్న లడుగుదురు, ఉత్తరములను మఱువరు అను ఖ్యాతి మనవారికి కలిగెనేని, ఏ పక్షపు అభ్యర్థియు మనలను త్రోసిపుచ్చజాలడు. ముందుగ మాట యిచ్చిన ఓటును పార్టీ మఱచిపోవును. అది చేతిలో నున్నదే కదా. చేతిలో లేని ఓటునకే అది ఐదేండ్లును వెఱచుచుండును.

అంజయ్యగారు ఆల్విను గేటులోపలికి కూలికై పోయిన దినములలో వారికి ఓటు లేదు. వారి బిడ్డల తరమునకు ఓటు వచ్చినది. మన బిడ్డల తరము దానిని సెలవుదినముగ మాత్రమే యెఱిగి పెరుగకుండ జూచుట మన సంఘము చేతిలోని పని. రాబోవు జనవరి 1వ తేదీకి ముందే ఈ పని యారంభింపబడునని నమ్ముచున్నాము.